పిడుగు ఎక్కడ పడింది?

వేసవి సెలవులు. సాయంకాలం వేళ. అంతదాకా మాడ్చిన ఎండ ఒక్కసారిగా మాయమయింది. పడమటి దిక్కున కొండల్లాగా నల్లమబ్బులు లేచాయి. గాలిదుమారం రేగింది. తోటలో మామిడికాయలు టపటపా రాలుతున్నాయి. వాటిని ఏరుకుందామని మీరు వీధి గుమ్మం దాటబోతున్నారు. అంతలో కళ్ళు మిరుమిట్లు గొలిపేటట్టు ఒక మెరుపు! కాస్సేపటికి ఇల్లు అదిరేటట్టు ఉరుము!

"లోపలికి రండర్రా! ఎక్కడో పిడుగు పడింది!" అని కేకవేస్తుంది నాయనమ్మ. ఆ వెంటనే అర్జునుడి పేర్లు చదువుకోవటం మొదలుపెడుతుంది.

ఎక్కడో పడింది, నిజమే. కాని ఎక్కడ? ఊరవతల తాటితోపులోనా? పొరుగూరి చేలలోనా? ఆ మబ్బు మనవైపు వస్తున్నదా, అవతలికి పోతున్నదా? పొద్దున గొర్రెలను తోలుకుపోయిన మనిషికి కబురు పంపాలా, అక్కర్లేదా?

ఈ ప్రశ్నలకు నాయనమ్మ జవాబు చెప్పలేదు. కాని జవాబు చెప్పగల యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి. అవి నేలమీదనే ఉండి, వందల కిలోమీటర్ల దూరాన మెరిసిన మెరుపును పట్టుకుని, కొద్ది సెకండ్లలోనే పటం మీద చుక్క పెట్టి, "ఇదుగో, ఇక్కడ!" అని చూపిస్తాయి. ఇది ఎలా సాధ్యమో తెలుసుకుందాం.

ముందుగా మన దగ్గర ఉన్న యంత్రాలతో మొదలుపెడదాం. అవి రెండు కళ్ళూ, రెండు చెవులూను. మెరుపు వెలుతురు మనను చేరటానికి పట్టే కాలం లెక్కలోకి రానంత తక్కువ. ఉరుము అలా కాదు, నింపాదిగా వస్తుంది. గాలిలో శబ్దం సెకండుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే ఒక కిలోమీటరుకు మూడు సెకండ్లు. కనక మెరుపు కనపడగానే సెకండ్లు లెక్కపెట్టండి. ఉరుము వినపడగానే ఆపి, వచ్చిన సంఖ్యను మూడుతో భాగించండి. 12 వచ్చిందనుకోండి, మెరుపు మీకు 4 కిలోమీటర్ల దూరాన ఉన్నట్టు. ఈ లెక్క ఇంట్లో కూర్చుని మాత్రమే చెయ్యాలి. ఎందుకో చివర చెబుతాను.

ఈ పద్ధతి బాగానే ఉన్నది కాని, ఇందులో కొన్ని చిక్కులున్నాయి. ఇరవై, పాతిక కిలోమీటర్లు దాటితే సామాన్యంగా ఉరుము వినపడదు. పట్టపగలు మబ్బు చాటున మెరిసిన మెరుపు కంటికి ఆనదు. పెద్ద గాలివానలో మెరుపు మీద మెరుపు వస్తుంటే, ఏ ఉరుము ఏ మెరుపుదో చెప్పటం ఎవరి తరమూ కాదు. కనక చప్పుడుకన్నా దూరం పోయేదీ, మబ్బులు అడ్డుపెట్టలేనిదీ మరొకటి కావాలి. అదృష్టవశాత్తూ అటువంటిది మెరుపులోనే ఉన్నది.

మెరుపు అంటే ఆకాశంలో పారే విద్యుత్తు అని మీరు చదువుకునే ఉంటారు. మీ ఇంట్లో తిరిగే పంకాకు అర ఆంపియరు విద్యుత్తు కూడా అక్కర్లేదు. మామూలు పిడుగులో ఒక్క క్షణంపాటు పారేది సుమారు 30,000 ఆంపియర్లు! అంత ప్రవాహమూ సెకండులో లక్షోవంతు కాలంలో ఉప్పెనలాగా పైకి లేస్తుంది. చెరువులో బండరాయి వేస్తే అలలు నాలుగు వైపులా పోయినట్టే, అప్పుడు రేడియో తరంగాలు పుట్టి అన్ని దిక్కులకూ పోతాయి. మీ తాతగారి పాత రేడియో ఉంటే, వానాకాలం రాత్రి అందులో పాటకు అడ్డంగా బరబరమని వచ్చే చప్పుడు విని చూడండి. అది రేడియో చెడిపోవటం కాదు. ఎక్కడో మెరిసిన మెరుపు తన కబురు తానే చెప్పుకుంటున్నదన్నమాట!

ఈ కబురును మొదట విన్నవారిలో ఒకడు రష్యా దేశస్థుడైన అలెగ్జాండర్ పొపోవ్. ఆయన నౌకాదళంవారి పాఠశాలలో ఉపాధ్యాయుడు. 1895 మే 7న సెంట్ పీటర్స్‌బర్గు నగరంలో శాస్త్రజ్ఞుల సభలో ఆయన ఒక చిన్న పరికరం చూపాడు. అందులో ఒక గాజుగొట్టమూ, దాన్లో లోహపు రజనూ, ఒక బ్యాటరీ, ఒక గంటా ఉన్నాయి. రజను వదులుగా ఉన్నంతసేపూ దానిగుండా విద్యుత్తు సరిగా సాగదు. రేడియో తరంగం వచ్చి తగలగానే రజను రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. వెంటనే విద్యుత్తు పారి గంట మోగుతుంది. గంట కొట్టిన సుత్తే వెనక్కు వచ్చి గాజుగొట్టాన్ని కూడా ఒక్క తట్టు తట్టుతుంది. రజను మళ్ళీ విడిపోతుంది. ఇంకో కబురు వినటానికి పరికరం సిద్ధం! ఆ వేసవిలోనే ఆ పరికరానికి ఒక కలమూ, తిరిగే కాగితమూ జతచేశారు. మెరుపు మెరిసినప్పుడల్లా కాగితం మీద గుర్తు పడేది.

చాలా తెలివైన పరికరమే. కాని ఆలోచించి చూడండి, పొపోవ్ గంట చెప్పినది నాయనమ్మ మాటే: ఎక్కడో పిడుగు పడింది!

ఏ దిక్కునో తెలుసుకోవటానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, రాబర్ట్ వాట్సన్ వాట్ అనే స్కాట్లండు యువకుడు బ్రిటిష్ వాతావరణశాఖలో చేరాడు. ఆనాటి విమానాలను కొయ్యతోనూ గుడ్డతోనూ చేసేవారు. ఉరుములూ మెరుపులతో వచ్చే గాలివానలో చిక్కితే వాటి గతి ఇక చెప్పనక్కర్లేదు. మెరుపుల రేడియో తరంగాలను పట్టుకుని, వాన ఏ దిక్కున ఉన్నదో విమానాలు నడిపేవారికి ముందే చెప్పాలని ఆయన ఉద్దేశం.

ఒక పెద్ద చట్రానికి తీగ చుట్టి నిలబెడితే, దాని అంచు మెరుపు వైపు ఉన్నప్పుడు తరంగం బాగా అందుతుంది. చట్రం ఎదురుగా తిరిగి ఉంటే అందదు. అయితే మెరుపు రెప్పపాటులో అయిపోతుంది. అది మెరిశాక చట్రాన్ని తిప్పి వెతుకుదామంటే అక్కడ ఏముంటుంది? అందుకని వాట్సన్ వాట్ రెండు చట్రాలను అడ్డదిడ్డంగా నిలబెట్టాడు. ఒకటి ఉత్తర దక్షిణాలకూ, రెండోది తూర్పు పడమరలకూను. 1920ల్లో వాటిని గాజుతెర గల ఒక గొట్టానికి కలిపాడు. ఏ చట్రంలో ఎంత తరంగం అందిందో దానినిబట్టి తెర మీద ఒక వెలుగు గీత తళుక్కుమనేది. ఆ గీత మెరుపు దిక్కును చూపేది. తరవాత 1935లో విమానాలను రేడియో తరంగాలతో కనిపెట్టే పద్ధతిని చూపించి పేరు పొందినది కూడా ఈయనే.

ఒక కేంద్రం దిక్కును మాత్రమే చెబుతుంది. రెండు కేంద్రాలుంటే? హైదరాబాదు నుంచి ఒక గీతా, చెన్నై నుంచి ఒక గీతా పటం మీద గీయండి. అవి రెండూ ఎక్కడ కలుస్తాయో అదే మెరుపు మెరిసిన చోటు. ఒక్కరికి తెలియనిది ఇద్దరికి తెలిసింది!

అయితే ఈ పద్ధతిలోనూ ఒక లోపం ఉన్నది. దిక్కు ఒక్క డిగ్రీ తప్పితే, 500 కిలోమీటర్లు పోయేసరికి గీత సుమారు 9 కిలోమీటర్లు పక్కకు పోతుంది. పిడుగు ఒక ఊళ్ళో పడితే పటం మరో ఊరి పేరు చెబుతుంది. అందుచేత శాస్త్రజ్ఞులు "ఏ దిక్కునుంచి?" అని మాత్రమే అడగక, "ఎప్పుడు?" అని కూడా అడగటం ప్రారంభించారు. దీని మర్మం తెలియటానికి ఒక ఆట చెబుతాను.

పండూ, సీతా, గోపీ ముగ్గురూ తమ గడియారాలను సెకండు తేడా లేకుండా సరిచేసుకున్నారు. పండు గుడి దగ్గరా, సీత బడి దగ్గరా, గోపి చెరువుగట్టు మీదా నిలబడ్డారు. వాళ్ళకు కనపడకుండా బాబాయి ఎక్కడో పెద్ద టపాకాయ కాల్చాడు. ఎప్పుడు కాల్చాడో వాళ్ళకు తెలియదు. పండుకు ఆ చప్పుడు 5 గంటల 2 సెకండ్లకు వినిపించింది. సీతకు 5 గంటల 3 సెకండ్లకు, గోపికి 5 గంటల 5 సెకండ్లకు వినిపించింది.

ముగ్గురూ కూర్చుని ఊరి పటం తీశారు. "నాకన్నా పండుకు ఒక సెకండు ముందు వినిపించింది. అంటే బాబాయి నాకన్నా పండుకు 340 మీటర్లు దగ్గర," అన్నది సీత. బడికన్నా గుడికి 340 మీటర్లు దగ్గరగా ఉన్న చోట్లన్నిటినీ పటం మీద గుర్తుపెట్టి కలిపితే, విల్లులాగా వంగిన ఒక గీత వచ్చింది. బాబాయి ఆ గీత మీద ఎక్కడో ఉండాలి. "నాకన్నా పండుకు మూడు సెకండ్లు ముందు వినిపించింది. అంటే 1,020 మీటర్లు దగ్గర," అన్నాడు గోపి. ఆ లెక్కతో మరో వంకర గీత వచ్చింది. రెండు గీతలూ కలిసినచోట చూస్తే ఏమున్నది? మునసబుగారి కొబ్బరితోట! బాబాయి అక్కడే ఉన్నాడు.

ఒక్కొక్కప్పుడు ఈ గీతలు రెండు చోట్ల కలవవచ్చు. అప్పుడు నాలుగో సాక్షి కావాలి. సాక్షులు ఎక్కువైన కొద్దీ నిజం బాగా తేలుతుంది.

మెరుపులను పట్టే యంత్రాలు ఆడే ఆట కూడా ఇదే. కాని అవి చప్పుడును వినవు, రేడియో తరంగాన్ని వింటాయి. ఆ తరంగం సెకండుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. గోపి గడియారం ఒక సెకండు తప్పితే లెక్క 340 మీటర్లు తప్పుతుంది. ఈ యంత్రం గడియారం సెకండులో పదిలక్షలోవంతు తప్పినా లెక్క 300 మీటర్లు తప్పుతుంది! అందుచేత ఎక్కడెక్కడో ఉన్న యంత్రాలన్నీ తమ గడియారాలను ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలను అడిగి సరిచేసుకుంటాయి. భూమికి సుమారు 20,000 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ ఉపగ్రహాలలో అణుగడియారాలు ఉన్నాయి. దారి చూపటానికి మీ నాన్నగారి ఫోను అడిగేది కూడా వాటినే.

ఇలా వినే యంత్రాలలో రకాలున్నాయి. కొన్ని చాలా పొడవైన తరంగాలను వింటాయి. ఆ తరంగాలు నేలకూ, పైనున్న విద్యుత్ పొరకూ మధ్య నడవాలో పోయినట్టు వేల కిలోమీటర్లు పోగలవు. అటువంటి యంత్రాలను ప్రపంచమంతటా విశ్వవిద్యాలయాల మేడల మీద పెట్టి, అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవారు ఒక కూటమి నడుపుతున్నారు. వాటి సంఖ్య 70 దాటింది. కనీసం అయిదు కేంద్రాల సాక్ష్యం కుదిరితేగాని వారు పటం మీద చుక్క పెట్టరు. నడిసముద్రంలో, వినే మనిషే లేనిచోట మెరిసిన పెద్ద మెరుపు కూడా ఈ కూటమికి దొరుకుతుంది. జర్మనీలో మొదలైన మరో కూటమిలో మామూలు మనుషులే చేరి, ఇళ్ళలో చిన్న యంత్రాలు పెట్టుకుని, తాము విన్నదాన్ని అందరితోనూ పంచుకుంటున్నారు.

మరికొన్ని యంత్రాలు పొట్టి తరంగాలను వింటాయి. ఇవి ఎక్కువ దూరం వినలేవు. కాని మెరుపు మబ్బులో పాకేటప్పుడు వేసే ప్రతి అడుగునూ పట్టుకుంటాయి. అమెరికాలోని న్యూ మెక్సికోలో 1990లలో తయారైన ఇటువంటి ఏర్పాటు, ఒక్క మెరుపుకే వందలూ వేలూ చుక్కలు పెట్టి, చెట్టుకొమ్మల్లాంటి దాని ఆకారాన్ని ఎత్తుతో సహా చూపుతుంది. 2007 జూన్ 20న ఓక్లహోమా రాష్ట్రంలో ఇలాగే ఒక మెరుపును కొలిస్తే దాని పొడవు 321 కిలోమీటర్లు తేలింది! విజయవాడ నుంచి విశాఖపట్టణానికి తిన్నగా గీత గీస్తే సుమారు 300 కిలోమీటర్లు ఉంటుంది. ఒక్క మెరుపు అంతకన్నా పొడవు! తరవాత ఉపగ్రహాలు ఇంకా పొడవైన మెరుపులను కూడా చూశాయి.

"సరే, పటం మీద చుక్కలు పెట్టారు. దానివల్ల లాభమేమిటి?" అని మీరు అడగవచ్చు. చాలా ఉన్నది. 1970లలోనే అమెరికాలో అడవుల శాఖవారు ఈ చుక్కలను చూసి, పిడుగువల్ల ఎక్కడ మంట అంటుకున్నదో వెతకటానికి మనుషులను పంపసాగారు. విద్యుత్ శాఖవారు ఏ స్తంభం దగ్గర పిడుగు పడిందో తెలుసుకుని మరమ్మతు చేస్తారు. 1969 నవంబరు 14న చంద్రుడి మీదికి బయలుదేరిన అపోలో 12 రాకెట్టుకు మొదటి నిమిషంలోనే రెండుసార్లు మెరుపు తగిలింది. వ్యోమగాములు క్షేమంగానే చంద్రుణ్ణి చేరి తిరిగి వచ్చారు కాని, ఆ తరవాత రాకెట్లు వదిలేచోట మెరుపుల మీద కాపలా గట్టిపడింది.

అన్నిటికన్నా పెద్ద లాభం ప్రాణాలు కాపాడటం. మన దేశంలో పిడుగుపాటువల్ల ఏటా 2,000 మందికి పైగా చనిపోతున్నారు. వారిలో ఎక్కువమంది పొలంలో పనిచేసేవారూ, పశువులను కాసేవారూను. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల కాలంలో యంత్రాలు 36,749 మెరుపులను లెక్కపెట్టాయి. అంటే నిమిషానికి సుమారు 47! నాయనమ్మ ఒకసారి అర్జునుడి పేర్లు పూర్తిచేసే లోపల ఎన్ని మెరుపులో చూడండి.

ఇన్ని చుక్కలు ఒకదాని తరవాత ఒకటి పటం మీద పడుతుంటే, మబ్బు నడిచే దారి తెలిసిపోతుంది. అంతేకాదు. మెరుపులన్నీ నేలకు దిగవు. ఎక్కువ భాగం మబ్బులోనే మెరిసి మబ్బులోనే ఆగిపోతాయి. తరచు అవే ముందుగా మొదలై, కొన్ని నిమిషాల తరవాత నేలమీద పిడుగులు పడటం ప్రారంభమవుతుంది. తరంగం ఆకారాన్నిబట్టి ఏది ఏ రకమో యంత్రాలు గుర్తుపడతాయి. ఆ కొద్ది నిమిషాలలోనే హెచ్చరిక పంపాలి. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థవారు దేశమంతటా ఇటువంటి యంత్రాలను పెట్టి, "దామిని" అనే ఏర్పాటుతో ఫోనులోనే ఈ హెచ్చరికలు అందిస్తున్నారు. దామిని అంటే మెరుపు. మనకు 40 కిలోమీటర్ల లోపల, 20 కిలోమీటర్ల లోపల మెరుపులున్నాయా అన్నది అది చెబుతుంది.

ఇక్కడ ఒక చిక్కున్నది. యంత్రం మెరుపు కబురును వందల కిలోమీటర్ల దూరాన్నుంచి తేగలదు కాని, చేనిగట్టు మీద ఉన్న మనిషి చెవిదాకా తేలేదు. ఆయన దగ్గర ఫోను ఉండకపోవచ్చు; ఉన్నా చూసుకోకపోవచ్చు. ఆ చివరి అరకిలోమీటరూ కబురు మోసే పని ఇంట్లో ఉన్నవాళ్ళది. అందుచేత హెచ్చరిక కనపడితే పెద్దలకు చెప్పి, పొలంలో ఉన్నవారికి వెంటనే ఫోను చేయించండి. ఉరుము వినిపించటం మొదలైతే మాత్రం మీరు బయటికి పరుగెత్తకూడదు.

ఉరుము వినపడిందంటే పిడుగు పడగల దూరంలో మనం ఉన్నట్టే. అందుకే ముందు చెప్పిన లెక్కను ఇంట్లో కూర్చునే చెయ్యమన్నాను. చెట్టు కింద నిలబడరాదు. తాటిచెట్టయినా, మామిడిచెట్టయినా ఒకటే. గుడిసెలూ, పశువుల పాకలూ పిడుగు నుంచి కాపాడలేవు. గట్టి మేడగాని, తలుపులు మూసిన కారుగాని మంచివి. చెరువులో ఉంటే గట్టెక్కాలి. ఇంట్లో ఉన్నా కుళాయినీ, కిటికీ ఊచలనూ పట్టుకోరాదు. చివరి ఉరుము వినిపించాక అరగంటదాకా బయటికి రాకూడదు. మామిడికాయలు ఎక్కడికీ పోవు.

ఇంకొక సంగతి. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే తమకూ విద్యుత్తు తగులుతుందని చాలామంది భయపడి దూరంగా నిలబడతారు. ఇది పొరపాటు. ఆ మనిషి ఒంట్లో విద్యుత్తు నిలవ ఉండదు. గుండె ఆగిన మనిషికి వెంటనే గుండె మీద నొక్కుతూ ఊపిరి అందించి, ఆస్పత్రికి చేరిస్తే బతకవచ్చు. ఈ ఒక్క మాట మీ ఇంట్లో అందరికీ చెప్పండి.

చివరగా ఒక ఆట. ఈసారి ఉరుములు వచ్చినప్పుడు, ఊళ్ళో వేరువేరు చోట్ల ఉన్న మీ స్నేహితులిద్దరూ మీరూ ఎవరింట్లో వారు కూర్చుని, మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకండ్లు లెక్కపెట్టి, మెరుపు కనపడిన సమయంతో సహా రాసుకోండి. వాన వెలిశాక ముగ్గురూ కలుసుకోండి. సెకండ్లను మూడుతో భాగించి, పటం మీద ఎవరింటి చుట్టూ వారు అంత దూరాన వృత్తం గీయండి. రెండు వృత్తాలు రెండు చోట్ల కలుస్తాయి. వాటిలో ఏది నిజమో మూడో వృత్తం చెబుతుంది.

అక్కడ ఒక చుక్క పెట్టి నాయనమ్మకు చూపించండి. "ఎక్కడో" కాదు, "ఇక్కడ!" అని చెప్పండి.